కండక్టరమ్మ అంపైరింగు

కండక్టరమ్మ బస్సు దిగి రిటైరైంది గానీ ఈల మాత్రం ఆవిడ మెడలోంచి దిగలేదు. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ టికెట్ లేకుండా ఒక్క ప్రాణినీ కదలనివ్వలేదని పేరు. సొంత మేనమామనే సగం దారిలో దింపేసిన మనిషి. అలాంటావిడను తెచ్చి చిన్నపిల్లల నెట్‌బాల్‌కు అంపైరుగా పెట్టారంటే, ఆ ఆలోచన పుట్టిన బుర్రకు దండం పెట్టాలి.

పుట్టింది డ్రిల్లు మాస్టారి బుర్రలో. శనివారం పొద్దున్నే పిల్లల చేత ఆటలాడించేది ఆయనే. అంపైరు కావాలి, జీతం ఇచ్చే దారి లేదు, ఈల ఉన్నవాళ్ళెవరా అని చూస్తే ఈవిడ కంటబడింది. పైగా ఆవిడ కూతురి కూతురు, అందరూ బుడ్డిది అని పిలిచే పిల్ల, ఆ ఆటలోనే ఉంది.

నెట్‌బాల్‌లో బాలు పట్టుకుని పరిగెత్తకూడదు. పట్టుకున్నచోటే ఆగి ఇంకొకరికి విసరాలి, రింగు దగ్గరున్నవాళ్ళు రింగులో వెయ్యాలి. పిల్లల కోసం ఈ ఆటను బాగా మెత్తబరిచారు. రింగు కిందికి దించారు. బాలు చిన్నది. స్కోరు లేదు. అందరూ వంతులవారీగా అన్ని చోట్లా ఆడాలి. ఒక అడుగు ఎక్కువ పడితే చూసీచూడనట్టు ఊరుకోవచ్చు. మరీ పడితే అంపైరే దగ్గరికెళ్ళి, కాలు ఎలా ఆపాలో చూపించి, బాలు మళ్ళీ ఆ పిల్లకే ఇవ్వొచ్చు. డ్రిల్లు మాస్టారు ఇదంతా విడమరిచి చెబితే కండక్టరమ్మ శ్రద్ధగా తలూపింది. చెవికెక్కింది మాత్రం ‘పరిగెత్తకూడదు’ అన్న ఒక్క ముక్కే.

ఇక చూడండి ఆ మైదానం. కాలు కదిలితే ఈల, చెయ్యి తగిలితే ఈల. బూటు లేసు కట్టుకోవడానికి వంగిన పిల్ల మీద కూడా ఈల. “అడుగు పడింది! బాలు అవతలివాళ్ళకిచ్చెయ్!” పిల్లలు తెలివైనవాళ్ళు. ఈల పడకుండా ఉండే ఉపాయం తొందరగానే కనిపెట్టారు: బాలు జోలికే పోకపోవడం. బాలు మధ్యలో పడి ఉంటే, రెండు జట్లూ చుట్టూ చేరి పామును చూసినట్టు చూసేవి.

గీత అవతల పెద్దల గోల వేరు. స్కోరు లేని ఆట అని ఎంత చెప్పినా అందరూ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటూనే ఉంటారు. వాళ్ళకు నాయకుడు టైల్స్ షాపు ఓనరు. పిల్లలకు చొక్కాలు కుట్టించింది ఆయనే గనక ప్రతి వీపు మీదా ‘జారని బాత్రూం టైల్స్’ అని రాసి ఉంటుంది. ఆయన కూతురు పొడగరి. వంతుల పద్ధతి ఆయనకు సుతరామూ గిట్టదు.

“పొడుగు పిల్లని రింగు దగ్గర పెట్టాలి గానీ వెనకెక్కడో నిలబెడతారేంటండీ? ట్యూబ్‌లైటు తీసుకెళ్ళి మంచం కింద పెట్టుకుంటామా?”

కండక్టరమ్మ ఈల మాత్రం ఆయనకు చెవులకింపుగా ఉండేది. క్రమశిక్షణ అంటే ఇదీ అనేవాడు.

అసలు నష్టం బుడ్డిదానికి జరిగింది. ఇంట్లో దిండూ, దువ్వెనా, ఏది దొరికితే అది విసిరే పిల్ల, మైదానంలో బాలు చేతికి రాగానే కాలినట్టు వదిలేసి అమ్మమ్మ ముఖం వంక చూసేది. ఒక సాయంత్రం కూతురు వంటింట్లోకొచ్చి చెప్పింది.

“అమ్మా, అది ఇంక ఆటకి రానంటోంది. నీకు చెప్పొద్దంది.”

“ఎందుకట?”

“అమ్మమ్మ ఇంట్లో మంచిదేనట. గ్రౌండులో మంచిది కాదట.”

బస్సులో ఎంతమంది నోటికొచ్చినట్టు తిట్టినా చలించని మనిషి, ఆ మాటకు పొయ్యి కట్టేసి కళ్ళు తుడుచుకుంది. “ఈ ఒక్కసారికీ రమ్మనవే. భయపడకుండా బాలు పట్టుకుంటే చాలు. తర్వాత దానిష్టం” అని కూతుర్ని బతిమాలింది.

ఆ శనివారం రింగు దగ్గర వంతు బుడ్డిదానికొచ్చింది. బాలు నేరుగా చేతుల్లో పడింది. కంగారులో పిల్ల గబగబా అడుగులేసేసింది. “అడుగులు! అడుగులు!” అని పెద్దలంతా అరిచారు. కండక్టరమ్మ ఈలను పళ్ళ మధ్య బిగించి ఊరుకుంది. బుడ్డిది తనంతట తనే ఆగింది.

“ఈల వెయ్యవేం అమ్మమ్మా?”

“వెయ్యను. ఈ కాలు ఇక్కడే ఉండనీ. ఊఁ, ఇప్పుడు విసురు.”

బాలు రింగుకు కొట్టుకుని వెనక్కొచ్చింది. “ఇంకోసారి వెయ్యనా?” “వెయ్యి.” మళ్ళీ వెనక్కొచ్చింది. “ఇంకోసారి?” “వెయ్యవే తల్లీ!” ఈసారి పడింది. బుడ్డిది కెవ్వున కేకేసి ఎగిరింది.

టైల్స్ ఓనరు గీత దాటి లోపలికొచ్చాడు. “మనవరాలైతే ఎన్నిసార్లైనా వెయ్యొచ్చా అండీ? మా అమ్మాయికి ఎప్పుడైనా ఇలా ఇచ్చారా?”

ఇవ్వలేదు. అంతకుముందు ఎవరికీ ఇవ్వలేదు.

డ్రిల్లు మాస్టారు ఆవిడను పక్కకు పిలిచి తల గోక్కున్నారు. “ఇన్నాళ్ళూ మీరు మరీ కఠినమని ఫిర్యాదు. అది పిల్లలది కాబట్టి సర్దుకుపోయాం. ఇవాళ మరీ మెత్తన అని ఫిర్యాదు. ఇది చొక్కాలు కుట్టించినాయనది కదమ్మా.” అంపైరు పని ఓనరు బావమరిదికి వెళ్ళింది.

తర్వాతి శనివారం కండక్టరమ్మ ముసుగుతన్ని పడుకుంటే, బుడ్డిదే బూట్లేసుకొచ్చి లేపింది. “లే అమ్మమ్మా, ఆటకి టైమైంది.” ఆవిడ వెళ్ళి మిగతా పెద్దలతోపాటు బల్ల మీద కూర్చుంది.

బుడ్డిదాని చేతికి బాలొచ్చింది. ఆత్రంలో అడుగులు పడ్డాయి. బావమరిది ఈలేశాడు. పిల్ల బాలు వదల్లేదు సరికదా, గుండెలకు హత్తుకుని అడిగింది.

“ఎలా ఆగాలో చూపించండి మరి! మా ఆటలో చూపించాలి.”

కండక్టరమ్మకు ఆనందం ఆగలేదు. ఎప్పుడు లేచి నిలబడిందో ఆవిడకే తెలియదు.

“కళ్ళు కనపడట్లేదా బాబూ! అక్కడ అడుగెక్కడ పడిందయ్యా?”

పక్కనున్న టైల్స్ ఓనరు ఉలిక్కిపడి జరిగి కూర్చున్నాడు. అడుగులు పడ్డాయని, అది కచ్చితంగా ఫౌలేనని అక్కడున్న అందరికంటే ఆవిడకే బాగా తెలుసు. అయినా రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని మళ్ళీ అరిచింది.