దిండు మాస్టారి గురక

దిండు లేనిదే ఏ కంప్యూటర్‌నీ పరీక్షించేవారు కాదు దిండు మాస్టారు. ఈ రోజుల్లో ఎవరికైనా చెబితే నవ్వుతారు గానీ, అప్పట్లో ఆ వీధిలో అదేమీ వింత కాదు. బాగుచేసిన డబ్బాని షాపులో నేల మీద పెట్టి, పక్కన చాప పరిచి, దిండేసుకుని, చెవి అటు తిప్పి పడుకునేవారు. ప్రాసెసర్ నెత్తినెక్కి కూర్చునే కూలర్ దాన్ని చల్లబరిస్తే చాలదు, పక్కనున్న మనిషిని పడుకోనివ్వాలి కూడా. అదీ ఆయన సిద్ధాంతం.

ఎవరొచ్చినా మొదటి ప్రశ్న ఒక్కటే. "మీ ఇంట్లో దీని దగ్గర ఎవరి తల ఉంటుంది?"

"మా అత్తగారిదండీ."

"ఎంత దూరంలో?"

"దూరం ఎందుకు లెండి. ఇదెంత మొత్తుకున్నా ఆవిడ గొంతు ముందు నిలవదు."

పరీక్ష మొదలైతే షాపులో గాలి బంద్. పైన తిరిగే ఫ్యాను ఆపేసేవారు. టీ గ్లాసు చప్పుడైతే కళ్లెర్రజేసేవారు. తెర మీద వేడి అంకె పైకి పాకుతుంటే, కౌంటరు దగ్గర ఆయన భార్య అట్టముక్కతో విసురుకుంటూ, "ఆ డబ్బా చల్లగా ఉండాలని మనం ఉడికిపోవాలి!" అని విసుక్కునేది. అంతా ఊపిరి బిగబట్టి కూర్చున్నాక మాస్టారి గురక మొదలయ్యేది. కూలర్ మోత వినడానికి పడుకున్న మనిషి, ఆ కూలరే జడుసుకునేంత గురక పెట్టేవారు!

ఇళ్ల ప్లాన్లు గీసే అమ్మాయి మొదటిసారి వచ్చి ఈ తంతు చూసి, తప్పు షాపుకొచ్చాననుకుంది.

"దీని మోత తగ్గించాలండీ."

"దగ్గర ఎవరి తల?"

"ఎవరిదీ కాదు. ఊరికే."

మాస్టారు ఒక కూలర్ బిగించారు. చల్లగానే ఉంచింది గానీ రొద. ఇంకోటి బిగించారు. రొద లేదు, సెగ. మళ్లీ మార్చి, చాప మీద వాలి గురక లంకించుకున్నారు.

అప్పుడు ఆ అమ్మాయి కౌంటరు మీదికి వంగింది. "మా అమ్మ నర్సు, పిన్నిగారూ. రాత్రంతా ఆసుపత్రిలో, నిద్రంతా పగలే. మాకున్నది ఒక్క గది. నేను గీయడం మొదలెట్టగానే ఇది ఈల వేస్తుంది. అమ్మ పల్లెత్తు మాట అనదు. మొన్న వార్డులో కునికిపాట్లు పడి చీవాట్లు తింది. ఇది కుదరకపోతే నేను పని మానేస్తా. పనే పోయిందని అబద్ధం చెప్తా. మాస్టారితో అనకండేం."

"అంటే మాత్రం వినపడుతుందా, ఆ గురకలో?" అందావిడ.

మర్నాడు ఆ అమ్మాయి వెళ్తే, మాస్టారు తన సొంత కంప్యూటర్‌లోంచి ఇటుకంత కూలర్ ఊడదీసి ఆమె డబ్బాలో బిగిస్తున్నారు. ఆమె ఈలపాట కూలర్ అప్పటికే ఆయన దాంట్లో పాడుతోంది. కొత్తదాని ఫ్యాను నిమ్మళంగా తిరుగుతుంటే, వేడి అంకె కాస్త పైకెక్కి బుద్ధిగా ఆగిపోయింది.

"ఇంక నువ్వు గీసుకో, అమ్మని పడుకోనీ."

"అమ్మ సంగతి మీకెవరు చెప్పారు?"

మాస్టారికి ఉన్నట్టుండి దగ్గొచ్చింది. చేతిలోనే ఉన్న స్క్రూడ్రైవర్ కోసం బల్ల కింద వెతకడం మొదలెట్టారు.

కొన్నాళ్లకి ఆ అమ్మాయి తల్లిని వెంటబెట్టుకొచ్చింది. కంటినిండా నిద్రపోయిన ముఖం ఆవిడది. మాస్టారు ఎవరిదో డబ్బా పక్కన గురక పెడుతున్నారు. నర్సమ్మ వంగి ఆయన కనురెప్పలు చూసింది.

"ఇది దొంగనిద్ర! మందు తప్పించుకునే పేషెంట్లని రోజూ చూస్తుంటాను, నాకు తెలీదా?"

మాస్టారి భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "పగలు ఈయనకి కన్ను మూతపడదు వదినా. ఎదురుగా అడిగితే అందరూ 'ఊరికే' అంటారు. పడుకున్నారనుకుంటే అసలు బాధ నాతో చెప్పుకుంటారు."

అమ్మాయి నాలిక్కరుచుకుంది. గురక తాళం తప్పింది.

అంతలో ఒక పెద్దాయన కంప్యూటర్ మోసుకొచ్చి, లోపలికి రావాలో వద్దో తెలియక గుమ్మంలో ఆగాడు. నర్సమ్మ చప్పున వంగి మాస్టారి తల కింద దిండు సర్దింది.

"రండి, కూర్చోండి. ఆయన మంచి నిద్రలో ఉన్నారు. ఏం కావాలో మాతో చెప్పండి."

గురక జోరందుకుంది.