పీజీ ఇంటర్వ్యూలో నా సాక్ష్యం

ఆ రోజుల్లో మా మైపాడులో పీజీ సీటు ఎట్లా వస్తుందన్న దానిమీద మనిషికో సిద్ధాంతం ఉండేది. మార్కులుంటే చాలని అన్నయ్య, పెద్దవాళ్ళ సిఫార్సు లేనిదే మార్కులు దండగని బాబాయి, ఇంగ్లీషు దంచితేనే సీటని మా ఆటో అన్న (ఆయన పదో తరగతి ఇంగ్లీషు దగ్గరే ఆగిపోయినవాడు). నా భయం వేరు. చిన్నప్పటి ఆయాసం వల్ల బడికి పోకుండా ఇంట్లోనే మేనత్త దగ్గర చదువుకుని, దూరవిద్యలో డిగ్రీ పూర్తిచేసినదాన్ని. సోషల్ వర్క్‌లో ఈ సీటు రాకపోతే చదువు ఇక చాలని నాయన ముందే తేల్చేశారు.

ఇంటర్వ్యూ గదిలో ముగ్గురున్నారు. మధ్యలో ఉన్న మేడమ్ "మీ గురించి చెప్పండి" అన్నారు. అప్పటిదాకా నన్ను ఆ మాట అడిగింది చర్చిలోనే, ఆదివారం దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల వేళ. అలవాటుగా లేచి నిలబడి, తలమీద చున్నీ కప్పుకుని, "ప్రభువు నామంలో అందరికీ వందనాలు" అన్నాను. ఇక నోరు నా చేతిలో లేదు. నా ఆయాసం, అత్త పెట్టిన డిక్టేషన్లు, పిన్ని చేపల గంప వెంట నెల్లూరు బస్సులో తిరిగిన రోజులు, దారిలో గంపలవాళ్ళు చెప్పుకున్న కష్టాలు, వాళ్ళ పింఛన్ల కోసం నేను ఎక్కిన ఆఫీసు మెట్లు, అన్నిటికీ దేవునికి స్తోత్రం చెల్లించి, "నా కోసం ప్రార్థన చేయండి" అని ముగించాను. చివరి కుర్చీలో ఫైలు చూసుకుంటున్న పెద్దాయన తల ఎత్తకుండానే "ఆమేన్" అన్నారు. ఆ తర్వాత గ్లాసెడు నీళ్ళు తాగారు, పాపం.

ఇంటికొచ్చి జరిగింది చెప్పాను. అత్త విని, "కానుకల సంచి తిప్పలేదు గదమే, అంతవరకు నయం" అంది.

దేవుని కృపవల్ల సీటొచ్చింది. చేరిన రోజు మేడమ్‌ని సీటెట్లా ఇచ్చారని ఉండబట్టలేక అడిగాను. "మార్కులు చూసి పిలిచినామమ్మా. నీకంటే మార్కులు వచ్చినోళ్ళు ఉన్నారు. సేవ చేస్తామని అందరూ చెప్పినారు. ఎవరితో తిరిగినావో నువ్వొక్కదానివే చెప్పినావు" అని, నవ్వాపుకుంటూ, "ప్రార్థన సంగతి మా సార్ చూసుకున్నాడులే" అన్నారు.

ఇప్పుడు కోట మండలంలో మహిళా సంఘాలతో పనిచేస్తున్నాను. ఈ మధ్యలో ఎన్ని ఇంటర్వ్యూలకు కూర్చున్నానో. మొన్న ఆదివారం మా ఊరి చర్చిలో పాస్టరుగారు సాక్ష్యం చెప్పమంటే, లేచి నా పేరు, విద్యార్హతలు, అనుభవం వరుసగా అప్పజెప్పాను. ముందు చాపమీది నుంచి అత్త, "ఉద్యోగమిచ్చే వాళ్ళు ఈడెవురూ లేరు గానీ, దేవుడేం చేసినాడో చెప్పు పాపా" అంది.

చర్చంతా నవ్వింది. కొంగు తలమీదికి లాక్కున్నాను. చున్నీ కప్పుకుని బెదురు లేకుండా నిలబడ్డ ఆ పిల్లను మనసులో ఒకసారి తలచుకుని, వందనాలతో మళ్ళీ మొదలుపెట్టాను.