పెదనాన్న వ్యానుకి వెలగని లైటు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ‘లేదు’ అన్న మాట ఎవరి నోటా వినపడేది కాదు. అన్నీ ఉండి కాదు, మా నానమ్మ ఒప్పుకోక. బియ్యం అయిపోతే ‘నిండుకున్నాయి’ అనాలి. దీపం ఆరిపోతే ‘కొండెక్కింది’ అనాలి. బయల్దేరేవాళ్లు ‘వెళ్తాను’ అంటే గుమ్మంలోనే నిలబెట్టి ‘వెళ్లొస్తాను’ అనిపించేది. ఒకసారి నేను దేవుడి గూట్లో దీపం ఆరిపోయిందని వీధికి వినపడేలా అరిచాను. మూతి మీద ఒక్కటి పడింది. దెబ్బ చిన్నదే గానీ, ఆ తరవాత అలాంటి మాట ఏదైనా అనాలంటే నాకు నోరు పెగిలేది కాదు.

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరు. మా పెదనాన్నకి ఓ పాత పికప్ వ్యాను ఉండేది. రోజూ తెల్లవారుజామున చేపల గంపలు ఐసు వేసి ఎక్కించుకుని, ఆమదాలవలసలో రైలుకి అందించేవాడు. వ్యాను వెనకాలే మా నాన్న మోపెడ్ మీద ఓ గంప కట్టుకుని బయల్దేరేవాడు. ఆయన అమ్మకం దారిలో ఉన్న పల్లెల్లో. మోపెడ్ లైటు గుడ్డి దీపం. చలికాలంలో మంచు పట్టిందంటే ముందున్న వ్యాను ఎర్ర లైటే ఆయనకి దారి. అది ఇంకా ఎర్రగా మండితే వ్యాను ఆగుతోందని తెలుసుకుని తనూ ఆగాలి.

ఒకరోజు మా నాన్న ఇంటికొచ్చి, బ్రేకు లైట్లు రెండూ పనిచేయడం లేదని, వంతెన దగ్గర వెంట్రుకవాసిలో వ్యానుని గుద్దకుండా తప్పించుకున్నానని చెప్పాడు. ఆ మధ్యాహ్నమే పెదనాన్న పనిముట్ల సంచి విప్పాడు. ఆయన తొందరపడే మనిషి కాదు. మొదట వెనకవైపు ఎర్ర అద్దాలు విప్పి, బల్బులు తీసి వెలుతురికి ఎత్తి చూశాడు. లోపలి సన్నటి తీగలు తెగలేదు. ఫ్యూజు చూశాడు, అదీ బాగుంది. అప్పుడు బ్రేకు పెడలు దగ్గరున్న స్విచ్చికి వచ్చే రెండు వైర్లూ విప్పి, వాటి కొసలు ఒకదానికొకటి ఆనిస్తానని చెప్పాడు. అలా ఆనిస్తే లైటు వెలిగిందంటే పాడైంది స్విచ్చేనట. వెనక నిలబడి చూసి చెప్పే పని నాదే అని నేనే ఎగబడ్డాను. తొమ్మిదేళ్ల దాన్ని, ఆ పని దొరకడమే గొప్పగా ఉంది.

ఆయన లోపలినుంచి వెలిగిందా అని అడిగాడు. వెలగలేదు. మూడడుగుల దూరంలో నానమ్మ కూర్చుని ఎండబెట్టడానికి చేపలు కోస్తోంది. ఏమని చెప్పాలి? కొండెక్కింది అందామంటే ముందు వెలిగితే కదా కొండెక్కడానికి. ఎండ పడి ఎర్ర అద్దం కాస్త మెరుస్తున్నట్టే ఉంది. వెలిగింది అనేశాను. నానమ్మ తల ఎత్తలేదు, నా ప్రాణం హాయిగా ఉంది.

అయితే స్విచ్చే పోయిందన్నాడు పెదనాన్న. మర్నాడు ఆమదాలవలసలో కొత్తది కొని తెచ్చి బిగించాడు. బ్రేకు తొక్కి మళ్లీ అడిగాడు. నేను మళ్లీ వెలిగిందన్నాను. ఒకసారి అన్నాక రెండోసారి అనడానికి నాకేం కష్టమనిపించలేదు.

ఆ మర్నాడు మంచులో, లైటు బాగైందన్న ధీమాతో మా నాన్న వ్యానుకి దగ్గరగా నడిపాడు. ఎదురుగా గేదెలు అడ్డొస్తే పెదనాన్న బ్రేకు వేశాడు. వెనక బ్రేకు లైటు వెలగలేదు. మోపెడ్ పోయి వ్యానుకి గుద్దుకుంది. చేపలు రోడ్డు పాలయ్యాయి. మా నాన్న మోకాలు చీరుకుపోయి మూడు కుట్లు పడ్డాయి. పెదనాన్న ఆయన్ని వ్యానులో కూర్చోబెట్టి తెచ్చాడు. ఆ కట్టు మీద ఎర్రటి మరక చూడగానే పెరట్లోకి పరుగెత్తాను. ఎవరికీ చెప్పలేదు. గంపల చాటున కూర్చున్నాను.

ఆ మధ్యాహ్నం పెదనాన్న నన్నే పిలిచాడు. వెనక నిలబడమని చెప్పి క్యాబిన్లోకి ఎక్కాడు. వెలిగిందా అని అడిగాడు. భయంతో నేను సరిగ్గా చూడను కూడా లేదు. వెలిగింది అన్నాను. ఇంకోసారి అడిగాడు. ఇంకోసారి అదే చెప్పాను. అప్పుడు నన్ను తలుపు దగ్గరికి రమ్మన్నాడు. ఆయన సీటు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

“నా కాళ్లు సూడు. రెండూ పైనే ఉన్నాయి. నాను బ్రేకు తొక్కనే నేదు,” అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. వెలగలేదంటే నానమ్మ కొడుతుందని వెక్కుతూ చెప్పాను. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. కిందికి దిగి నా ఎదురుగా గొంతుక్కూచున్నాడు.

“దేవుడి దీపానికి మీ నానమ్మ మాటే. నాను కాదనను. ఇది మీ అయ్య పేనానికున్న లైటు. ఎలగకపోతే ఎలగనేదని సెప్పాల. నువ్వు నేదంటేనే కదా నాను ఎతుకుతాను.”

మళ్లీ వెనక్కి పంపాడు. ఈసారి నిజంగా తొక్కాడు. ఎలగనేదు అన్నాను, గొంతు సగమే వచ్చింది. గట్టిగా చెప్పమన్నాడు. గట్టిగా చెప్పాను. నానమ్మ కత్తిపీట మీద చెయ్యి ఆపి నాకేసి చూసి, మళ్లీ చేపలు కోయడంలో పడింది.

అక్కడినుంచి పని సాగింది. కరెంటు వెళ్లే దారి బాగుంటే తిరిగొచ్చే దారి చూడాలంటూ, బ్యాటరీ నెగటివ్ దగ్గరనుంచి పొడుగాటి వైరు లాక్కొచ్చి వెనక లైటు బిగించిన రేకుకి కట్టాడు. వెళ్లి బ్రేకు తొక్కాడు. రెండు లైట్లూ భగ్గుమన్నాయి. వెలిగిందని అరిచాను. ఈసారి అరవడంలో ఉన్న సుఖం వేరు. వ్యాను కిందకి దూరి చూస్తే, బ్రేకు లైట్ల ఎర్తు వైరు, అంటే ఆ తిరిగొచ్చే దారి, ఇనప చట్రానికి బిగించిన చోట బోల్టు తుప్పుపట్టి పొట్టులా రాలుతోంది. గంపల్లోంచి కారిన ఉప్పునీళ్లన్నీ దానిమీదే పడ్డాయి. పైగా నీసు వాసన పోవడానికి మేం వ్యానుని రోజూ సముద్రపు నీళ్లతోనే కడిగేవాళ్లం. గరుకు కాగితంతో తళతళలాడేదాకా గీకి, కొత్త బోల్టు బిగించి, పైన గ్రీజు పట్టించాడు.

పెడలుకి కర్ర అడ్డం పెట్టి ఆయనే వెనక్కొచ్చి చూసుకోవచ్చు. ఆ కర్ర వ్యానులోనే ఉండేది. నేను అన్నిసార్లు అబద్ధం చెప్పానని తెలిశాక కూడా ఆయన కర్ర తియ్యలేదు, నన్నే నిలబెట్టాడు. ఈ సంగతి నాకు పెద్దయ్యాక గాని తట్టలేదు.

ఆ సాయంత్రం మా నాన్నకి అంతా చెప్పేశాను. ఆయన నాకేసి చూడకుండా మోకాలి కట్టు సర్దుకున్నాడు. కొట్టినా బాగుండునని ఏడ్చాను.

కుట్లు విప్పాక మళ్లీ వ్యాపారానికి బయల్దేరిన రోజు బాగా మంచు. వ్యాను నిండింది. నానమ్మ గుమ్మంలో ఉంది. మా నాన్న మోపెడ్ మీద కూర్చుని, వ్యాను వైపు చూడకుండా, నాకేసి చూశాడు.

“నువ్వు సూసి సెప్పమ్మా,” అన్నాడు.

పెదనాన్న బ్రేకు తొక్కాడు. కుడివైపుది వెలిగింది. ఎడమవైపుది వెలగలేదు. రైలుకి వేళవుతోంది, బయల్దేరే వేళ గుమ్మంలో అందరూ నిలబడి ఉన్నారు. నానమ్మకి వినపడేలాగే, ఎడమది ఎలగనేదు అయ్యా అన్నాను. మా నాన్న వెంటనే దిగి మోపెడ్‌కి స్టాండు వేశాడు. పెదనాన్న వచ్చి చూస్తే బల్బు వదులైంది. అయిదు నిమిషాల పని. రెండూ వెలిగాయని నేను చెప్పాకే మా నాన్న బయల్దేరాడు.

తరవాత నేను ముప్పై ఏళ్లు అంగన్‌వాడీలో పనిచేశాను. నెలకోసారి పిల్లల్ని తూచాలి. బిడ్డని ఉయ్యాల త్రాసులో పడుకోబెట్టగానే తల్లి ముల్లు వైపు చూడదు, నా ముఖం వైపు చూసి “పెరిగినాడా?” అంటుంది. పెరిగాడనేస్తే నవ్వుకుంటూ వెళ్తుంది, నాకూ శ్రమ లేదు. ముల్లు కదలని నెలల్లో ‘నేదు’ అనడం నాకెప్పటికీ అలవాటు కాలేదు. అయినా పెరగనేదమ్మా అని చెప్పేదాన్ని. ఆ తల్లి ముఖం వాడిపోయేది. అప్పుడు ఆవిణ్ణి నా పక్కన చాప మీద కూర్చోబెట్టుకుని, బిడ్డకి ఏం పెడుతోందో, పాలు ఎన్నిసార్లు తాగుతున్నాడో ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టేదాన్ని.