బాపిరాజుగారి ఇరవైయేడో సెక్షను

బాపిరాజుగారు సెక్షను చెప్పకుండా ఏ పనీ చేసేవారు కారు. ఇంట్లో చారు చల్లారిపోయినా అది పదకొండో సెక్షనుకు విరుద్ధం అనేవారు. పన్నెండో సెక్షను ప్రకారం వేళకి ఇంటికి రావాలి కదండీ అనేవారు భార్య సుబ్బలక్ష్మిగారు.

తాడేపల్లిగూడెంలో ఒక రైసుమిల్లుకి ఆయన మేనేజరు. నేను అక్కడే గుమాస్తాని. 1935లో కొత్త ఫ్యాక్టరీల చట్టం అమల్లోకి రాగానే ఆయన ఆ ఇంగ్లీషు పుస్తకాన్ని మద్రాసు నుంచి తెప్పించారు. ఆనాటి నుంచీ అది ఆయన చంక దిగలేదు. వాన పడితే గొడుగు పుస్తకానికి పట్టి, తాను తడుస్తూ వచ్చేవారు.

మిల్లు యజమానురాలు వీరరాఘవమ్మగారు ఏలూరులో ఉండేవారు. భర్త పోయాక మిల్లుని ఒంటిచేత్తో నిలబెట్టిన మనిషి. చెడ్డావిడ కాదు గాని, దుబారా అంటే ఆవిడకి ఒళ్లు మంట. జంకేది సర్కారు కాగితానికి ఒక్కదానికే. నెలకోసారి రైల్లో వచ్చి మిల్లంతా తిరిగి చూసి వెళ్లేవారు.

ఒక నెల ఆవిడ వచ్చేసరికి ఇంజను బెల్టుల చుట్టూ కర్రకంచె వెలిసింది. ఇదేమిటని అడిగారు. ఇరవైనాలుగో సెక్షనండి అన్నారు బాపిరాజుగారు, పుస్తకం తట్టి. పైనెలకి, ఉడికిన వడ్లు ఆరబోసే ఆడవాళ్ల కాళ్లకి గోనెపట్టా జోళ్లు వచ్చాయి. మండే సిమెంటు నేల మీద అంతవరకూ వాళ్లు ఉత్త కాళ్లతోనే నడిచేవారు. అది ఇరవైయారు. ఆ పైనెల, మిట్టమధ్యాహ్నం కాసేపు నీడపట్టున విశ్రాంతి, తలా ఒక ముంత మజ్జిగ. ఇరవైయేడు.

"పక్క మిల్లుల వాళ్లకి లేవా ఈ సెక్షన్లు?" అని ఆవిడ అడిగితే, "వాళ్లు పుస్తకం చదవలేదండి" అన్నారు.

అసలు సంగతేమిటంటే ఈయనా చదవలేదు. ఆయనకి ఇంగ్లీషు రాదు. ఒకనాడు పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకుని గంభీరంగా తల పంకిస్తుంటే చూసి, నేను చదివి అర్థం చెబుతానండీ అన్నాను.

"వద్దండి హనుమంతరావుగారూ. చదివేస్తే అందులో ఉన్నవే ఉంటాయి" అన్నారు.

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. ఇంతకు ముందు తాను పనిచేసిన మిల్లులో మాణిక్యం అనే మనిషి చీరకొంగు బెల్టులో పడిందట. ప్రాణం దక్కింది గాని కుడిచెయ్యి పోయింది.

"అంతకు వారం ముందే కంచె కట్టించమని అడిగానండి. ఏ చట్టంలో ఉందయ్యా అన్నారు షావుకారుగారు. చెప్పలేకపోయాను" అన్నారు. ఆ తరవాత నేను పుస్తకం ఊసెత్తలేదు.

మరుసటి వేసవిలో ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు వచ్చారు. సరిగ్గా ఆ రోజే వీరరాఘవమ్మగారూ దిగారు. ఇన్‌స్పెక్టరు కంచెని ఊపి చూసి, గట్టిగా ఉందని మెచ్చుకున్నారు. కంచె సరేనండి, ఈ మజ్జిగ సెక్షను మాత్రం మాబోటి వాళ్లకి మరీ బరువుగా ఉందని ఆవిడ వినయంగా మొరపెట్టుకున్నారు.

"ఏ సెక్షనమ్మా?" అన్నారాయన.

"ఇరవైయేడండి."

బాపిరాజుగారు పుస్తకాన్ని చంకలో ఇంకా గట్టిగా అదుముకున్నారు. అబద్ధం బయటపడితే ఆయన ఉద్యోగంతో పాటు మజ్జిగా జోళ్లూ అన్నీ పోతాయి. ఇన్‌స్పెక్టరు చెయ్యి చాపి పుస్తకం తీసుకున్నారు. ఒక్కొక్క కాగితమే తిప్పారు. తలెత్తి వడ్లు ఆరబోసే కళ్లం వైపు చూశారు. కొల్లేటి లంకల నుంచి కూలిపనికి వచ్చిన హన్నమ్మ నీడలో కూర్చుని, జోళ్లు విప్పి పక్కన పెట్టుకుని, సగం మజ్జిగ తాగి, మిగతాది ఒళ్లోని పిల్లకి పడుతోంది. ఆయన అటే చాలాసేపు చూసి పుస్తకం మూశారు.

"మజ్జిగలో ఉప్పు వేస్తున్నారా?" అని అడిగారు.

"లేదండి" అన్నారు బాపిరాజుగారు.

"వెయ్యాలి. ఎండలో పనిచేసేవాళ్లకి ఉప్పు లేని మజ్జిగ ఇవ్వకూడదు. ఈసారికి వదిలేస్తున్నానమ్మా" అన్నారు ఆవిడతో.

వీరరాఘవమ్మగారు కంగారుపడి, అప్పటికప్పుడు కొట్టు నుంచి ఉప్పు తెప్పించి, దగ్గరుండి కుండలో కలిపించారు. ఇకమీదట ఉప్పు తప్పితే ఊరుకోనని మేనేజరుగారిని గట్టిగా హెచ్చరించి మరీ రైలెక్కారు.

సాయంత్రం బాపిరాజుగారు నన్ను పక్కకి పిలిచారు. మనిషి బాగా నలిగిపోయి ఉన్నారు.

"ఏడాదిగా చట్టం తప్పుతున్నామన్నమాటండి" అన్నారు. "నేను ఊరికే అనుకుని చెప్పాను గాని, సర్కారువారికీ ఆ ఆలోచన వచ్చిందన్నమాట. మీరే చూసి చెప్పండి, ఉప్పు సంగతి నిజంగా ఉందాండి?"

మొట్టమొదటిసారి పుస్తకం నా చేతిలో పెట్టారు. తిరగేశాను. బాయిలర్ల గురించో, దేని గురించో ఉన్న ఒక పేజీ మీద వేలు పెట్టి, ఇక్కడుందండీ అన్నాను.

ఆయన ఆ పేజీని కళ్లకి అద్దుకుని, మళ్లీ వెతుక్కోకుండా గుర్తుగా మూల మడత పెట్టుకున్నారు.