ఉరుముల్లో ఆరని పచ్చచుక్క

దయ్యాలు, ఆత్మలు అంటే నవ్వి ఊరుకునే రకం నేను. బీటెక్ చదివి ఇంటర్నెట్ ఆఫీసులో చేరినదాన్ని. ఏం జరిగినా దాని వెనక ఓ వైరో, స్విచ్చో ఉంటుందని నమ్మేదాన్ని. ఇప్పుడు పక్కన మా పాప నిద్రపోతోంది. అది లేచేలోపు ఇది రాసేయాలి.

మాది చిట్యాలలో చిన్న ఆఫీసు. పల్లెల్లో ఇళ్లకు పెట్టిన వైఫై డబ్బాలు నడుస్తున్నాయో లేదో కంప్యూటర్లో చూస్తుండటం నా పని. నడుస్తుంటే తెర మీద పచ్చచుక్క, ఆగితే ఎర్రచుక్క. హాలియా దగ్గర మా అమ్మ ఇంట్లోనూ ఓ డబ్బా ఉండేది. అప్పటికి పాప పాకుతోంది. పనిరోజుల్లో దాన్ని అమ్మ దగ్గరే ఉంచేదాన్ని. అందుకే తెర నిండా ఎన్ని చుక్కలున్నా నా కళ్లు ఆ ఒక్కదాని మీదే.

"పనికొచ్చినవా చెల్లె, మీ అమ్మ డబ్బాకు కావలి ఉండనీకి వచ్చినవా?" అని మా టెక్నీషియన్ నరేశ్ అన్న ఏడిపించేవాడు.

అమ్మ వాళ్ల ఊళ్లో ఉరుము వినిపిస్తే చాలు, పిడుగు భయంతో అందరూ ప్లగ్గులు పీకేస్తారు. టీవీ, ఫ్రిజ్, వైఫై, ఏదీ వదలరు. ఊరి చుక్కలన్నీ ఒక్కసారే ఎర్రబడితే అక్కడ మబ్బు పట్టిందని మాకు అర్థమయ్యేది. అందరికంటే ముందు పీకేది మా అమ్మే.

ఆ మధ్యాహ్నం చుక్కలన్నీ ఎర్రబడ్డాయి. అమ్మది తప్ప!

అమ్మ ప్లగ్గు తీయలేదంటే ఏదో అయింది. ఫోన్ చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. నరేశ్ అన్న ఆ డబ్బాకు సిగ్నల్ పంపి చూశాడు. వెంటవెంటనే జవాబులు వచ్చాయి.

"మంచిగనే నడుస్తాంది చెల్లె," అన్నాడు.

నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. అమ్మ పక్కింట్లో బట్టలు కుట్టే షాహీన్ అక్కకు ఫోన్ చేశాను.

"అక్కా, అమ్మ ఫోన్ ఎత్తుతలేదు. జర ఉరుకవా!"

"గీ ఉరుములల్ల నీ ఫికర్ ఏందే? ఆగు, పోతున్న. లైన్ల ఉండు."

వాన చప్పుడు. గేటు చప్పుడు. ఆ తర్వాత అక్క కేక.

"యా అల్లా! మీ అమ్మ పడిపోయిందే! నీళ్ల సంపు మూత తీసే ఉంది, పిల్ల దాని అంచుకు పాకింది... దొరికింది! నా సంకల ఉంది, ఏడ్వకు!"

సరిగ్గా అప్పుడే తెర మీద ఆ చుక్క ఎర్రబడింది. నేనూ నరేశ్ అన్నా ఇద్దరం చూశాం.

వాన నీళ్లు లోపల పడకుండా సంపు మూత వేద్దామని వెళ్లిన అమ్మ, షుగర్ పడిపోయి అక్కడే కూలిపోయింది. షాహీన్ అక్క వాళ్లే దవాఖానకు తీసుకెళ్లారు.

నేను ఇంటికి చేరేసరికి డబ్బా అల్మారాలో ఉంది. ప్లగ్గు పీకేసి, వైరు చుట్టి, పైన గుడ్డ కప్పి ఉంది. పైగా వాన మొదలవకముందే ఊరంతా కరెంటు పోయిందట. ఆ డబ్బాకు బ్యాటరీ కూడా లేదు.

తర్వాత నరేశ్ అన్న దాన్ని విప్పి చూశాడు. వేరే ఇంటి డబ్బా మా పేరు మీద కనిపించిందేమోనని ఊళ్లో అన్నీ చూసి వచ్చాడు. అలాంటిదేమీ లేదు. తెర మీద పాత చుక్కే నిలిచిపోయిందనుకుందామా అంటే, మరి ఆ జవాబులు ఎవరిచ్చినట్టు?

ఆ సాయంత్రమే దవాఖానలో కళ్లు తెరవగానే అమ్మ పాపను తడిమి చూసుకుంది. డబ్బా ఆగలేదనే షాహీన్ అక్కను పంపానని చెబితే నా వైపు తిరిగింది.

"డబ్బా మొదటి ఉరుముకే తీసి పెట్టిన బిడ్డా. మరి నీకెవలు చెప్పిన్రు?"