జలపతి వంతు

సిరిసిల్లలో మరమగ్గాలు నడిపేవాళ్ళు వేలల్లో ఉంటారు. వాళ్ళలో కంప్యూటర్లో, అదీ లైనక్స్ మీద, రాజ్యాల ఆటలు ఆడేవాడు దివాకర్ ఒక్కడే అయి ఉండాలి. ఇంకొకడు ఉండి ఉంటే దివాకర్ ఈపాటికే వాణ్ణి వెతికి పట్టుకుని, హోటల్లో కూర్చోబెట్టి, చాయ్ మీద చాయ్ తాగించి, చెవులు చిల్లులు పడేదాకా మాట్లాడేవాడు. ముప్పై దాటిన మనిషి. పెళ్ళి మాట ఎత్తితే పక్కకు చూస్తాడు. ఆట మాట ఎత్తితే మాత్రం ఆపడం ఎవరి తరమూ కాదు. చిక్కల్లా ఆ మాట ఎత్తేవాళ్ళు లేకపోవడమే.

అభిప్రాయాలకు కొదవ లేదు. వ్యూహాల ఆట అంటే యుద్ధమే అనుకునేవాళ్ళను చూస్తే అతనికి ఒళ్ళు మంట. దారులు వేయడం, నీళ్ళు తేవడం, పక్క రాజుతో ఏ మాట ఎప్పుడు అనాలో తెలుసుకోవడం, అదీ ఆటంటే. సైన్యాన్ని తీసుకుని మీద పడడం తొందరగాళ్ళ పని. మొదట్లో పటమంతా చీకటిగా ఉండి, చేతిలో ఒక్క ఊరు, ఒక్క బండి ఉన్నప్పటి సుఖం సగం లోకం గెలిచాక ఉండదంటాడు. ఇక ఎక్స్‌పాన్షన్లు. ఆట అమ్మిన కంపెనీవాడే ఏడాది తిరిగేసరికి కొత్త రాజులు, కొత్త నియమాలు పొట్లం కట్టి మళ్ళీ అమ్ముతాడు. "చీరె మంచిగ నేసినోనికి మల్ల అంచు కుట్టుడెందుకు?" అన్నది దివాకర్ ప్రశ్న. ముక్కూ మొహం తెలియనివాళ్ళతో ఆన్‌లైన్లో ఆడడమంటారా, ఓడిపోతున్నామనగానే సగంలో లేచిపోయేవాడితో ఆటేమిటని కొట్టిపారేస్తాడు.

ఇవన్నీ వాళ్ళ వదిన రమకు కంఠతా వచ్చు. కింద వసారాలో నూలు కండెలు చుట్టుకుంటూ వింటుంది. "గా రాజ్యంల నీకో పిల్ల గూడ దొరుకుతదా దివాకర్?" అని నవ్వుతుంది. దివాకరూ నవ్వుతాడు. నవ్వి, మేడ మీద తన గదిలోకి పోతాడు.

నిజానికి ఆ అభిప్రాయాలు ఇద్దరివి. రెండోవాడు జలపతి. ఇబ్రహీంపట్నం దగ్గర పసుపు పండించే ఇంటివాడు. జగిత్యాలలో ఐటీఐ చదివే రోజుల్లో ఇద్దరిదీ ఒకే గది. అక్కడ మూతపడుతున్న నెట్ సెంటర్లో ఒక పాత కంప్యూటర్ కలిసి కొన్నారు. దానికి విండోస్ మోసే ఓపిక లేకపోతే జలపతి ఎక్కడో చదువుకొచ్చి దాని బదులు లైనక్స్ ఎక్కించాడు. అది తేలిక, పైగా ఉచితం. కష్టమంతా ఆటల దగ్గరే. చాలా కంపెనీలకు లైనక్స్ వాళ్ళు కంటికి ఆనరు. ఏడాదికో ఆట ఇటువైపు వస్తే ఇద్దరూ పండుగ చేసుకునేవాళ్ళు. ఒకరి పాస్‌వర్డ్ ఒకరికి తెలుసు. దాచుకోవడానికి వాళ్ళ దగ్గర ఏముంది గనుక?

తర్వాత జలపతి మస్కట్ పోయాడు. కంప్యూటర్ దివాకర్‌కు వదిలేశాడు. ఇన్నేళ్ళలో దాని లోపలి సామాన్లన్నీ ఒక్కొక్కటిగా మారాయి, లైనక్స్ మాత్రం మారలేదు. ఆటా ఆగలేదు. ఇద్దరూ ఒకేసారి కూర్చోనక్కరలేని పద్ధతి ఒకటుంది. ఒకరు తన వంతు ఆడి వదిలేస్తారు, రెండోవాడు తీరిక దొరికినప్పుడు తన వంతు ఆడతాడు. రాత్రి డ్యూటీ దిగి పొద్దున దివాకర్ ఆడితే, అక్కడ పని దిగి జలపతి ఆడేవాడు. మాటలు పెద్దగా ఉండేవి కావు. జలపతి నది పక్కన కొత్త ఊరు కట్టాడంటే ఆ రోజు అక్కడ బాగానే గడిచిందని దివాకర్‌కు అర్థమయ్యేది.

ఈసారి ఎండాకాలంలో ఆ ఆటకు పెద్ద ఎక్స్‌పాన్షన్ వచ్చింది. విండోస్‌కు వచ్చింది. లైనక్స్‌కు త్వరలో ఇస్తామన్నారు, ఆ త్వరలో ఎంత దూరమో దివాకర్‌కు బాగా తెలుసు. జలపతి ఎప్పుడో విండోస్ ల్యాప్‌టాప్‌కు మారాడు. అతనే ఫోన్ చేశాడు.

"కొందాం రా. సముద్రం మీద గూడ ఊర్లు కట్టచ్చట."

"నా దాంట్ల రాలే ఇంక. నువ్వొక్కనివి కొంటె మనిద్దరి ఆట కలువది."

"నువ్వు గూడ విండోస్ పెట్టుకోరాదు?"

అక్కడితో ఊరుకుంటే పోయేది. దివాకర్ ఊరుకోలేదు. ఎక్స్‌పాన్షన్లు ఆటను ఎట్లా పాడుచేస్తాయో, విండోస్‌కు మారినవాళ్ళు ఎట్లా సోమరులవుతారో, అవతల మనిషి గుక్క తిప్పుకోనివ్వకుండా చెప్పాడు. జలపతి "సరే తియ్యి" అని ఫోన్ పెట్టేశాడు.

కొన్నాళ్ళకు జలపతి వంతు ఆగిపోయింది. తెర అడుగున జలపతి కోసం చూస్తున్నట్టు రాసి ఉండేది. మర్నాడూ అదే. గడువు దాటితే ఆ కుర్చీలో కంప్యూటరే వచ్చి కూర్చుంటుంది. ఆ మనిషి ఇక ఆ ఆటలోకి రాలేడు.

ఇక్కడ కార్ఖానా పద్ధతి ఒకటి చెప్పాలి. మరమగ్గాన్ని సిరిసిల్లలో సాంచా అంటారు. దివాకర్ దిగే వేళకు అతని జోడీ ఎల్లేశం వచ్చి అవే సాంచాలు అందుకుంటాడు. ఎల్లేశానికి ఆలస్యమైతే దివాకర్ సాంచాలు ఆపి ఇంటికి పోడు, వచ్చేదాకా నిలబడి తనే నడుపుతాడు. ఆ సేపు నేసిన బట్ట ఎల్లేశం పేరు మీదే పడుతుంది. ఎందుకు ఆలస్యమైందని మాత్రం అడగకూడదు. అడిగితే చేసిన సాయానికి జవాబు అడిగినట్టు.

గడువు దగ్గరపడిన పొద్దున దివాకర్ జలపతి పాస్‌వర్డ్ కొట్టి లోపలికి పోయాడు. తప్పని ఒక్క క్షణం కూడా అనిపించలేదు. జోడీ రాలేదు, సాంచా ఆగకూడదు, అంతే. జలపతి వంతు ఆడి, బయటికొచ్చి, తన వంతు ఆడాడు. ఆ మర్నాడూ అట్లాగే. ఒక్క ఫోన్ చేసి అడగొచ్చు కదా అని మీరంటారు. నేనూ అంటాను. కానీ అడిగితే ఇక ఆడననే జవాబు వస్తుందేమోనని అతని భయం. అడగనంత కాలం ఆట ఉంటుంది.

జలపతి ఎట్లా ఆడతాడో అతనికి తెలుసు. నది కనబడితే వదలడు, గుర్రాలంటే ప్రాణం, గోడలు కట్టడానికి బద్ధకం. మొదట అట్లాగే ఆడాడు. కానీ ఇంకొకరి పేరు మీద నేసే బట్టలో లోపం రాకూడదు కదా. పోను పోను తన వంతు కంటే జలపతి వంతుకే ఎక్కువసేపు ఆలోచించాడు. ఒక పొద్దున దివాకర్‌గా స్నేహ ఒప్పందం పంపి, జలపతిగా దాన్ని ఒప్పుకున్నాడు. తెర మీద రెండు జెండాలు పక్కపక్కన నిలబడ్డాయి. అవి చూస్తుంటే అతనికి ఏడుపొచ్చినంత పనైంది. లోకంలో తనకు ఎవరూ లేరనిపించింది. రమ అన్నం పెట్టి పిలిచినా వినబడనట్టే పడుకున్నాడు.

వానలు మొదలయ్యాక జలపతి సెలవు మీద వచ్చాడని వాట్సాప్‌లో ఫొటో చూసి తెలుసుకున్నాడు. ఇక ఉండబట్టలేక ఫోన్ చేశాడు. పని మీద కోరుట్ల వస్తున్నానని, అక్కడ కలుద్దామని జలపతి అన్నాడు. దివాకర్ డ్యూటీ ఎల్లేశానికి అప్పజెప్పి, వేములవాడ మీదుగా కోరుట్ల బస్సెక్కాడు. ఒకే ఒక్క మాట అడగాలి: ఆడతావా, లేదా?

బస్టాండు ఎదురుగా హోటల్లో కూర్చున్నారు. జలపతి కాస్త ఒళ్ళు చేశాడు. వానల గురించి, ఐటీఐ సార్ల గురించి మాట్లాడుకున్నారు. ఇద్దరి మాటలూ ఎక్కడో తట్టుకుంటున్నాయి. చివరికి దివాకరే తెగించాడు.

"మన ఆట సంగతేంది రా?"

జలపతి అదోలా చూశాడు. "నన్నడుగుతున్నవా? నువ్వే చెప్పాలె. నా జాగల ఎవల్ని కూసోబెట్టినవ్?"

దివాకర్‌కు అర్థం కాలేదు.

"మమ్ముల వేరే క్యాంపుకు మార్చిండ్రు. ఆడ నెట్ లేకుండె. నెట్ అచ్చిన రోజే ఉరికి తెరిచి చూసిన. నా వంతు ఎవలో ఆడేసిండ్రు. తెల్లారి చూసినా గదే. నా కన్న మంచిగనే ఆడుతున్నడు. దివాకర్‌కు ఇంకో దోస్తు దొరికిండు, ఇంక నాతోటి పనేంది అనుకున్న. ఫోన్ల గంతగనం కోపం చేస్తివి గదా." జలపతి గ్లాసు పక్కకు జరిపాడు. "మస్తు బాధైంది రా. క్యాంపోళ్ళతోటి కలిసి గా కొత్త ఎక్స్‌పాన్షన్ కొన్న. ఇప్పుడు వాళ్ళతోనే ఆడుతున్న. గా పాత ఆట నా దాంట్ల తెరుసుకోదు ఇంక."

బస్టాండులో ఏదో బస్సు పేరు పిలుస్తున్నారు. దివాకర్ అబద్ధం చెప్పి ఉంటే కనీసం పరువు దక్కేది.

"ఎవ్వలు లేరు రా. నేనే ఆడిన."

"రెండు దిక్కులు?"

"రెండు దిక్కులు. నువ్వు అచ్చేదాంక ఆపద్దని."

జలపతి మొదట పకపకా నవ్వాడు. తర్వాత దివాకర్ మొహం చూసి ఆపేశాడు. "ఒక్క ఫోన్ కొడితే అయిపోవు గదరా" అన్నాడు, కోపంగా కాదు. దివాకర్ తల ఊపాడు. నువ్వూ కొట్టలేదు కదా అని అడగొచ్చు, అడగలేదు.

"మరి ఎవలు గెలుస్తున్నరు?"

"నువ్వే" అన్నాడు దివాకర్. "నా రాజధాని పక్కన దాంక అచ్చినవ్."

జలపతి అతని చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి అట్లాగే పట్టుకుని, ఆ ఎక్స్‌పాన్షన్ లైనక్స్‌కు వస్తే చెప్పమన్నాడు. వస్తే తప్పకుండా కలిసి ఆడదామన్నాడు. ఇద్దరూ దాన్ని నమ్మినట్టే ముఖాలు పెట్టారు. ఇబ్రహీంపట్నం బస్సు రాగానే జలపతి లేచి పోయాడు.

మర్నాడు డ్యూటీ దిగి దివాకర్ మేడ ఎక్కాడు. జోడీ ఇక రాడు, సాంచా ఆపాల్సిందే. జలపతి పేరుతో లోపలికి పోయి, స్నేహ ఒప్పందం తెంచి, అతని గుర్రాలన్నీ తీసుకుని, తన రాజధాని మీదికి నడిపించాడు. గోడలు తను కట్టినవే కాబట్టి ఎక్కడ పలచగా ఉన్నాయో వెతకనక్కరలేకపోయింది. జలపతి గెలిచాడని తెర మీద పడింది. దివాకర్ బయటికొచ్చి, తన పేరుతో మళ్ళీ లోపలికి పోయాడు. ఓడిపోయినవాళ్ళకు ఇక వంతు ఉండదు.