దేవతల పదిహేను నిమిషాలు

నిన్న ఫిజియోథెరపిస్టు నా కుడిభుజం తిప్పి చూసి, గార్డెనింగ్ ఎక్కువ చేశారా అని అడిగింది. అవునన్నాను. నిజానికి ఏడు నెలలుగా శనివారం శనివారం చెయ్యి తలకంటే ఎత్తులో పెట్టి బొమ్మలాడిస్తున్నాను. యాభై ఎనిమిదేళ్ళ ప్రోగ్రామర్‌ని, ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. సులువుగా దొరికే అబద్ధాన్ని ముందు అనేయడం నాకు పాత జబ్బు. ఈ నొప్పి కూడా అలాంటి ఒక అబద్ధంతోనే మొదలైంది.

మార్కమ్‌లో మా పక్కింట్లో తైవాన్ తాతగారు ఒకరు, మనవరాలితో ఉంటారు. తైవాన్‌లో గుళ్ళ ముందు చేతిబొమ్మలాట ఆడిన మనిషి. దాన్ని పోతేహి అంటారు. మన తోలుబొమ్మల్లా తెరమీద నీడలు కావు. పట్టు అంగీలోకి చెయ్యి దూర్చి, చూపుడువేలితో తల, మిగతా వేళ్ళతో రెండు చేతులు ఆడిస్తారు. తలలు కర్పూరపు చెక్కతో చెక్కినవి. బొమ్మల పెట్టె మూత తీస్తే మా పూజగది వాసన. ఆయన వేలి మీద ముసలమ్మ బొమ్మ దగ్గితే మనకి మంచినీళ్ళు ఇవ్వాలనిపిస్తుంది. యానిమేషన్ చదివిన మనవరాలు వెనక ప్రొజెక్టర్‌తో మేఘాలూ వానా వేసేది. "ఇంత వాన కురిపించావు, నా బొమ్మ ఒక్కటీ తడవలేదు," అని తాత వెక్కిరిస్తే, "తడిస్తే ఆరబెట్టేది నేనేగా," అనేదట.

రెండేళ్ళ కిందట మా తెలుగు సంఘం, అన్ని దేశాల కళలూ ఒకే వేదిక మీద అంటూ ఒక కార్యక్రమం పెట్టింది. స్టేజి బాధ్యత నాది. తాతగారి ఆటకి నలభై నిమిషాలు ఇచ్చాను. రిహార్సల్లో చూస్తే మొదటి పదిహేను నిమిషాలు కథే లేదు. దేవతలు ఒక్కొక్కరే వచ్చి దీవించి వెళ్తారు. ఎదుట కుర్చీలు ఖాళీగా ఉన్నా సరే, అది ఆడాకే కథ. నేను మనవరాలితో, "ఆ మొదటి భాగం కట్ చేయాలమ్మా, హాల్ వాళ్ళ రూల్," అన్నాను. హాల్‌కి అలాంటి రూలేమీ లేదు. ఆ పదిహేను నిమిషాలు నా కరోకే పాటలకి కావాలి. అదే కార్యక్రమంలో మా దీపప్రజ్వలనకీ గణపతి ప్రార్థనకీ అరగంట పట్టింది. దాన్ని కట్ చేయాలని కలలో కూడా తోచలేదు. తాతగారు గొడవ పెట్టుకోలేదు. ఆ రోజు ఆట మానుకుని, బొమ్మలు ఇంట్లో వదిలేసి వచ్చి, మొదటి వరసలో కూర్చుని, నా పాటలు రెండూ విని చప్పట్లు కొట్టారు. తరవాత ఎక్కడా ఆడలేదు.

పోయిన నవంబర్‌లో ఇద్దరం డ్రైవ్‌వేల మీద మంచు తీస్తుంటే మనవరాలు, "తాత పెట్టె ఎవరికో ఇచ్చేస్తానంటున్నాడు అంకుల్. పక్కన నిలబడి బొమ్మలాడిస్తూ రెండో చెయ్యి పట్టే ఆయన మాంట్రియల్ వెళ్ళిపోయారుగా," అంది. పార మంచులో గుచ్చి నిజం చెప్పేశాను.

"తాతకి అప్పుడే తెలుసు. హాల్‌కి ఫోన్ చేసి అడిగింది నేనే," అంది ఆ పిల్ల, పని ఆపకుండా.

అలాగే బూట్లతో వెళ్ళి ఆయనకీ చెప్పాను. రెండో చెయ్యి నేను పడతాను, ఆట మొత్తం ఆడండి, అన్నాను. మనవరాలు అనువాదం చేసింది. ఆయన నా అరచెయ్యి తిప్పి చూసి, "పొట్టి వేళ్ళు. నౌకరు వేషానికి సరిపోతాయి," అన్నారు.

మొదటి నెలంతా బొమ్మ లేకుండా వట్టి చేత్తో నడక సాధన. మా ఆవిడ, "గరిటె తిప్పడానికి లేవని చెయ్యి, ఎంత ఒద్దిగ్గా నడుస్తోందో," అంది. మానేద్దామని చాలాసార్లు అనిపించింది. మానలేదు. ఆయన ఏ వారమూ పెట్టె ఎవరికీ ఇవ్వనన్న మాట అనలేదు. నేను ఏ వారమూ అడగలేదు.

పోయిన శనివారం కమ్యూనిటీ సెంటర్ గదిలో దేవతలు వచ్చేసరికి ఎదుట పదకొండు మంది. ఒక దేవుడి గడ్డం నా వల్ల అంగీలో ఇరుక్కుంటే, తాతగారు తన చేతిలోని దేవుడిచేత దాన్ని విడిపించారు, అదీ దీవెనలో భాగమే అన్నట్టు. తరవాత కథ మొత్తం ఆడారు. బొమ్మలు సర్దుతూ, "వచ్చే ఏడాదికి నీకు నడక వస్తుంది," అన్నారు.

ఎనభై దాటిన మనిషి జీవితంలో రెండేళ్ళు ఖాళీ చేశాను. వాటిని నా చెయ్యి ఎంత ఎత్తినా అందుకోలేను. అయినా ఆయన వచ్చే ఏడాది అన్నారు, నేను సరేనన్నాను.